గట్టు మీది వయ్యారిభామ

మా ఊరికి నేనెక్కే బస్సు బాగేపల్లి మీదుగా పోతుంది. అక్కడ బస్సు దిగినవాళ్లు కన్నడంలో టీ అడిగి, తెలుగులో చిల్లర లెక్కపెట్టుకుంటారు. కొడికొండ చెక్‌పోస్టు ఇంకా ముందుంది గానీ నేలకూ వానకూ భాషకూ ఆ చెక్‌పోస్టుతో పని లేదు. ఇటూ అటూ ఒకటే ఎర్రనేల, ఒకటే శనక్కాయ, ఒకటే పొద్దుతిరుగుడు. గట్ల మీదా రోడ్డు వారలా తెల్లగా పూసి నిలబడే కలుపు మొక్క వయ్యారిభామ కూడా ఒకటే.

నేను బెంగళూరులో మొక్కల తెగుళ్ల మీద పనిచేస్తాను. చదువుకునే రోజుల నుంచీ ఈ దారినే తిరుగుతున్నాను. బాగేపల్లిలో బస్సు ఆగితే నాకు రెండు సంవత్సరాలు గుర్తొస్తాయి. ఒకటి 1997, పెద్దయ్యాక చదివి తెలుసుకున్నది. రెండోది 2000, మా చేలో నిలబడి చూసింది.

2000 ఖరీఫ్‌లో నాకు పన్నెండేళ్లు. కదిరి వైపు మాది వానకు పండే ఎనిమిదెకరాలు. పదును చూసి నాయన గొర్రు తోలాడు. చేను పూతకొచ్చే వేళకు చివరి లేత ఆకులు నల్లబడటం మొదలైంది. ఆకు తర్వాత కాడ. చూస్తూ ఉండగానే మొక్క మొక్కంతా నిలువునా మాడింది. పీకి చూస్తే ఊడలకు పట్టిన నాలుగు బుడ్డల మీదా నల్లమచ్చలు. ఊళ్లో అందరూ మొవ్వు కుళ్లు అన్నారు. మొవ్వు కుళ్లుకు తామర పురుగు కారణం కాబట్టి తామర పురుగు మందు కొట్టారు. నాయన రెండుసార్లు కొట్టాడు, రెండోసారి అప్పు తెచ్చి. ఆ ఏడు అనంతపురం జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగ ఈ తెగులు బారిన పడిందనీ, నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందనీ తర్వాత పరిశోధన పత్రాల్లో చదివాను. ఆ లెక్కలో మా ఎనిమిదెకరాలూ ఉన్నాయి.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు సర్వే నంబరు అడిగారు, ఎకరాలు అడిగారు, విత్తనం ఎన్ని మూటలు పోశారో అడిగారు. నాయన మాత్రం వాళ్లు అడగని మాట ఒకటి చెప్పబోయాడు. వాళ్లు అప్పటికే పక్క చేనికి నడుస్తున్నారు. ఆ మాట రాత్రి భోజనాల దగ్గర మాతో అన్నాడు. "గట్టు పక్క సాళ్లే ముందు మాడినాయి. గాలి అట్నుంచే గదా కొట్టేది."

ఆ గట్టు నిండా వయ్యారిభామ.

మాడింది మొవ్వు కుళ్లు వల్ల కాదని పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వైరాలజిస్టులు తేల్చారు. అది టొబాకో స్ట్రీక్ వైరస్. ఇప్పుడు దాన్ని కాండం కుళ్లు వైరస్ తెగులు అంటున్నాం. మొవ్వు కుళ్లు వైరస్ తామర పురుగు ఒంట్లోకి పోయి, అక్కడ పెరిగి, పురుగు బతికినంతకాలం దాంతోనే ఉంటుంది. కాండం కుళ్లు వైరస్ దారి వేరు. అది వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. వయ్యారిభామకు ఏ జబ్బూ కనిపించదు, ఏపుగా పెరిగి పూస్తూనే ఉంటుంది. తామర పురుగులు ఆ పూలలో తిరిగి ఒంటికి పుప్పొడి అంటించుకుంటాయి. గాలివాటున వచ్చి శనక్కాయ లేత ఆకుల మీద వాలి, ఆకును గీరి రసం పీలుస్తాయి. ఆ గాటులోంచి వైరస్ మొక్కలోకి దిగుతుంది.

అంటే పురుగు కూలికి మోసుకొచ్చింది మాత్రమే. సరుకు గట్టు మీదిది. మన చేలో ఎంత మందు కొట్టినా బయటి గట్టు నుంచి కొత్త పురుగులు కొత్త పుప్పొడితో వస్తూనే ఉంటాయి. అందుకే తర్వాత వచ్చిన సలహాల తీరు మారింది. వయ్యారిభామను పూతకు రాకముందే పీకెయ్యమన్నారు, చేను చుట్టూ కొన్ని సాళ్లు జొన్న అడ్డుగా వెయ్యమన్నారు, విత్తనశుద్ధి చెయ్యమన్నారు. ఏ మందు కొట్టాలి అనే ప్రశ్న పోయి, గట్టు మీద ఏముంది అనే ప్రశ్న వచ్చింది.

ఆ ఒక్క ప్రశ్న దగ్గరికి చేరడానికి ఎన్ని చదువులు కావాలో లెక్కపెట్టండి. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో వైరస్ మా ప్లాంట్ పాథాలజీ వాళ్లది. తామర పురుగు ఎంటమాలజీ వాళ్లది. వయ్యారిభామ కలుపు మొక్క కాబట్టి ఆగ్రానమీ వాళ్లది. గాలి, వాన వాతావరణ విభాగానివి. పుప్పొడి ఏ విభాగానిదీ కాదు. ఇక 1997 సంగతి. పొద్దుతిరుగుడును మాడ్చే నెక్రోసిస్ తెగులు మన దేశంలో మొదట కనిపించింది ఆ ఏడు, ఈ బాగేపల్లి ప్రాంతంలోనే. దానికీ ఇదే వైరస్ కారణమని తర్వాత తెలిసింది. ఇక్కడి నుంచి అనంతపురం సుమారు వంద కిలోమీటర్లు. కానీ పొద్దుతిరుగుడు ఒక పంట, వేరుశనగ ఇంకొక పంట. పంటకొక పథకం, పంటకొక వార్షిక సమావేశం. ఎవరినీ తప్పుపట్టను, ఆ వైరస్ ఏదో తేలడానికే సమయం పట్టింది. అయినా ఆ మూడేళ్లలో పొద్దుతిరుగుడు వాళ్లూ వేరుశనగ వాళ్లూ కలుపు చదివినవాళ్లూ ఒకే గట్టు మీద ఒక పొద్దు కూర్చుని ఉంటే ఏమయ్యేదో అని మా నాయన చేతిలోని మందు డబ్బా గుర్తొచ్చినప్పుడల్లా అనుకుంటాను.

ఒకప్పుడు ఈ విభాగాలు లేవు. 1908లో కెనడా నుంచి మైసూరు సంస్థానానికి వచ్చిన లెస్లీ కోల్‌మన్ ఉద్యోగమే శిలీంధ్రాలకూ కీటకాలకూ కలిపి ఒకటి. వక్క తోటల్ని కుళ్లబెట్టే కొళెరోగానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం పిచికారీ చేయించే దారి చూపింది ఆయనే. ఇప్పుడు ఒక్క మనిషి అన్నీ చదవలేడు. ఒక్క వైరస్ కుటుంబం చదవడానికే ఒక జీవితం పడుతుంది. మరి ఒక్క మనిషి చెయ్యలేనిది నలుగురు కలిసి చెయ్యాలి కదా. అందరూ ఒప్పుకునే మాటే ఇది. ఎప్పుడు కలవాలి అన్న దగ్గరే నాకు పేచీ ఉంది.

ఇప్పుడు మనం ఎట్లా కలుస్తున్నామో చెబుతాను. ఏదో ఒక పథకం కింద ప్రతిపాదనలు పిలుస్తారు. ఇంటర్‌డిసిప్లినరీ అయితేనే ఇస్తామని అందులో ఉంటుంది. గడువు వారం ఉందనగా ఫోన్లు మొదలవుతాయి. ఇంజనీరింగ్ వైపు ఒకరు కావాలి, సోషల్ సైన్స్ వైపు ఒక పేరు కావాలి, ఆడవాళ్లు ఒకరుంటే మంచిది. నన్నూ అట్లా పిలిచారు, నేనూ అట్లా పిలిచాను. తర్వాత ఆబ్జెక్టివ్స్ రాస్తాం. మొదటిది మీది, రెండోది మాది, మూడోది వాళ్లది. ఇది అన్నదమ్ముల ఆస్తి పంపకం లాంటిది. పంపకమయ్యాక ఎవరి మడి వాళ్లదే, ఎవరి నీళ్ల వంతు వాళ్లదే. మళ్లీ అందరం కలిసేది మూడేళ్ల తర్వాత, చివరి నివేదికకు నాలుగు భాగాలు అతికించడానికి.

నాలుగేళ్ల కిందట నేనున్న ఒక ప్రాజెక్టు సరిగ్గా ఇట్లాగే నడిచింది. టమాటా ఆకును ఫోనులో ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్ చెయ్యాలి. ఫొటోలూ వాటి మీద తెగుళ్ల పేర్లూ మేమిస్తాం, సాఫ్ట్‌వేర్ బృందం మోడల్ తయారుచేస్తుంది, విస్తరణ విభాగం రైతుల దగ్గరికి తీసుకెళ్తుంది. మా విద్యార్థిని ఎంతో శ్రద్ధగా పనిచేసింది. ప్రయోగ క్షేత్రంలో ఆకు కోసి, తెల్ల చార్టు మీద పరిచి, పొద్దున పదింటి వెలుతురులో వేల ఫొటోలు తీసింది. ఒక్కోదాని మీద తెగులు పేరు నేనే సరిచూశాను. మోడల్ చాలా బాగా వచ్చిందన్నారు. పరీక్షలో దాదాపు తప్పే లేదన్నారు.

చింతామణి దగ్గర ఒక టమాటా తోటలో దాన్ని మొదటిసారి వాడి చూశాం. ఆకుముడతను ఆకుమచ్చ అంది. ఏ తెగులూ లేని ఆకును, మీద ఎర్రదుమ్ము ఉన్నందుకు, తెగులు ఆకు అంది. రైతు ముందు నిలబడలేకపోయాను. ఆ రోజు మాతో సాఫ్ట్‌వేర్ బృందంలోని కుర్రాడు కూడా వచ్చాడు. నరసరావుపేట అబ్బాయి. రెండేళ్లుగా టమాటా ఆకులతో పనిచేస్తూ టమాటా తోటలో కాలు పెట్టడం అతనికి అదే మొదలు. నేను మోడల్‌లో తప్పెక్కడుందో వెతుకుతుంటే అతను రైతు పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

"అన్నా, ఫొటో మీరు ఎప్పుడు తీస్తారు?"

"పొద్దున నీళ్లు కట్టుకోవాల, మందు కొట్టుకోవాల, యాడ తీరుతాది సామీ. ఆకు కోసి జేబులో ఏసుకుంటా. రాత్రి ఇంటికి పోయినాక మా పిల్లోడు తీసి పంపిస్తాడు."

రోజంతా జేబులో నలిగి వాడిపోయిన ఆకు. ట్యూబ్‌లైటు వెలుతురు. ఆకు వెనక అరచెయ్యో, పరుపు దుప్పటో. మా వేల ఫొటోల్లో అట్లాంటిది ఒక్కటీ లేదు. ఆ ప్రశ్న మొదటి నెలలో అడగాల్సింది. అడగాల్సిన మనిషి మాతోనే ఉన్నాడు, కానీ అతన్ని తోటకు తీసుకెళ్లాలని మాకెవరికీ తట్టలేదు. ఎందుకంటే తోట మొదటి ఆబ్జెక్టివ్, అతను రెండో ఆబ్జెక్టివ్. తిరిగొచ్చేటప్పుడు జీపులో అతనన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "అక్కా, మీరు లేబుల్ ఇచ్చారు, మేం లేబులే నేర్పించాం. తెగులు మాకెవరూ చూపించలేదు."

ఇది మా ఒక్కరి కథ అయితే ఇంత రాసేదాన్ని కాదు. ప్లాంట్ విలేజ్ అనే ఫొటోల భాండాగారం ఆధారంగా 2016లో వచ్చిన పరిశోధన ఈ రంగంలో అందరికీ తెలిసిందే. 54,306 ఫొటోలు, 14 పంటలు, 26 తెగుళ్లు. పక్కన పెట్టి ఉంచిన ఫొటోల మీద మోడల్ 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే సుమారు 31 శాతానికి పడిపోయింది. ఆ సంగతి అదే పత్రంలో నిజాయితీగా రాశారు. కానీ మొదటి అంకె లోకమంతా తిరిగింది, రెండో అంకె పత్రంలోనే ఉండిపోయింది. 2022లో ఇంకొక పరిశోధకుడు ఆకును పూర్తిగా వదిలేసి, అవే ఫొటోల నేపథ్యంలోంచి 8 పిక్సెళ్లు మాత్రం తీసుకుని మోడల్‌కు నేర్పించి చూశాడు. పంటా తెగులూ కలిపి విడదీసిన 38 రకాల్లో ఏది ఏదో 49 శాతం సరిగ్గా చెప్పిందది. ఆకు చూడకుండానే! ఏ రోజు, ఏ బల్ల మీద, ఏ వెలుతురులో ఫొటో తీశారో అదే తెగులుకు గుర్తయిపోయింది. పొలంలో పనిచేసిన ఎవరైనా ఈ ప్రమాదాన్ని ముందే చెప్పగలరు. ప్రయోగాల రూపకల్పన చదివిన ఎవరైనా ఇంకా ముందే చెప్పగలరు.

ప్రయోగాల రూపకల్పన అన్నాను కాబట్టి ఇంగ్లండు గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్ మాట చెప్పాలి. మన ఎమ్మెస్సీ ప్రయోగాల్లో, ఏ మడికి ఏది వెయ్యాలో చీటీలు తీసినట్టు పంచే రాండమైజ్డ్ బ్లాకులు ఆయన రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో గోధుమ, బంగాళాదుంప మళ్ల మధ్య ఉండి నేర్పినవి. 1938లో కలకత్తాలో జరిగిన మొదటి భారత గణాంక సదస్సులో అధ్యక్షుడిగా మాట్లాడుతూ ఆయన ఒక మాట అన్నారు. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్తను పిలవడమంటే శవపరీక్షకు పిలిచినట్టే, అది దేనివల్ల పోయిందో మాత్రం అతను చెప్పగలడని. మన దేశంలోనే, మనవాళ్ల ముందే అన్నారు. అయినా ఈరోజుకీ ఎక్సెల్ షీటు పట్టుకుని గణాంక విభాగం గడప దగ్గర నిలబడే పీజీ విద్యార్థులు థీసిస్ గడువుకు నెల ముందే కనిపిస్తారు. అప్పటికి పంట కోత కూడా అయిపోయి ఉంటుంది.

బాధేమిటంటే కలిసే ఏర్పాటు మన చదువుల్లో ఎప్పటి నుంచో ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పీజీ చేసే ప్రతి విద్యార్థికీ మేజర్ సబ్జెక్టుతో పాటు మైనర్ సబ్జెక్టు ఉంటుంది, ఆ మైనర్ నుంచి ఒక అధ్యాపకుడు అడ్వైజరీ కమిటీలో ఉంటారు. ఆలోచన ఎంత మంచిదో చూడండి. పాథాలజీ అమ్మాయి పని మొదలుపెట్టేటప్పుడే ఎంటమాలజీ ఆయన పక్కన ఉంటాడు. మరి జరుగుతున్నదేమిటి? పరిశోధన ప్రణాళిక అయిన సినాప్సిస్ మీద సంతకం, థీసిస్ మీద సంతకం. రెండు సంతకాల మధ్య ఆ అధ్యాపకుడు విద్యార్థి ప్రయోగ క్షేత్రానికి ఎన్నిసార్లు వెళ్లారు? నా థీసిస్‌కు ఒక్కసారీ రాలేదు. నేనూ కొందరి కమిటీల్లో ఉన్నాను, నేనూ వెళ్లలేదు. వెళ్లడానికి నాకు టైముందా అని ఎవరూ అడగలేదు, వెళ్లినందుకు ఎక్కడా లెక్కలేదు. ఈ రెండేళ్లుగా మాత్రం ఒక నియమం పెట్టుకున్నాను. విద్యార్థి విత్తనం వెయ్యకముందు ఒకసారి ఆ మడి చూడందే సినాప్సిస్ మీద సంతకం పెట్టను.

కలిసి చేసిన పని ఎట్లా ఉంటుందో చూడాలంటే వేరుశనగ దగ్గరికే రావాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువులో కార్బన్ రెండు రకాలు. 98.9 శాతం తేలికైన కార్బన్-12, మిగతా 1.1 శాతం కాస్త బరువైన కార్బన్-13. ఆ వాయువును పట్టుకునే ఆకులోని రుబిస్కో ఎంజైము తేలికైనదాన్నే ఇష్టపడుతుంది. నీటిని పొదుపు చేసుకోవడానికి ఆకు రంధ్రాలు సగం మూసుకున్నప్పుడు లోపల వాయువు తగ్గుతుంది, అప్పుడు ఏరుకునే వీలు లేక బరువైనది కూడా తీసుకుంటుంది. కాబట్టి చిటికెడు ఎండుటాకులో ఈ రెండు కార్బన్ల పాలు కొలిస్తే, ఆ మొక్క తన బతుకంతా నీళ్లు ఎట్లా వాడుకుందో తెలుస్తుంది. 1980లలో ఆస్ట్రేలియాలో గ్రాహం ఫార్కర్, ఆయనతో పనిచేసినవాళ్లూ ఇది గణితంగా రాసి, గోధుమలో, తర్వాత వేరుశనగలో నిరూపించారు. ఐసోటోపుల పాళ్లు కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ భౌతిక శాస్త్రవేత్తలది. దాంతో రాళ్లనూ సముద్రాలనూ కొలిచింది భూరసాయనం వాళ్లు. మొక్కల్లో ఈ పాళ్లు తేడాగా ఉంటాయని పట్టించుకున్నవాళ్లలో పాత ఎముకల, గింజల వయసు లెక్కకట్టేవాళ్లూ ఉన్నారు, మొక్కజొన్నలో బరువైన కార్బన్ పాలు ఎక్కువ కాబట్టి వాళ్లకు దాని లెక్క కుదిరేది కాదు. ఇన్ని చేతులు మారి వచ్చిన ఆ చదువు అనంతపురం లాంటి, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే జిల్లాకు అక్కరకొచ్చింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణ జీకేవీకేలో పంట శరీరధర్మ శాస్త్రం వాళ్లు ఈ పని కోసమే స్థిర ఐసోటోపుల కేంద్రం నడుపుతున్నారు.

అక్కడితో ఆగి ఉంటే అది గొప్ప పరిశోధన మాత్రమే అయ్యేది. అంత ఖరీదైన యంత్రం ముందు వేల మొక్కల్ని వరుసలో నిలబెట్టడం వంగడాలు తయారుచేసే బ్రీడర్ వల్ల కాదు. అతనికి చేలో నడుస్తూ చూసుకునే గుర్తు కావాలి. వేరుశనగలో నీటి పొదుపు ఉన్న మొక్కల ఆకు మందంగా ఉంటుందని తేలింది. మందమైన ఆకులో పచ్చదనం చిక్కగా ఉంటుంది, పచ్చదనాన్ని చేతిలో ఇమిడే స్పాడ్ మీటర్‌తో ఆకును నొక్కి పట్టుకుని క్షణంలో కొలవవచ్చు. ఈ మెట్లన్నీ ఇక్రిశాట్, ఆస్ట్రేలియా, మన దేశపు శాస్త్రవేత్తలు వేరుశనగ మళ్లల్లో కలిసి నడిచినవి. యంత్రం వాళ్లు బ్రీడర్ కష్టం విన్నారు కాబట్టి ఆ మీటరు దాకా వచ్చింది. ఇది చదివిన రోజు నాయనకు ఫోన్ చేసి చెప్పాను. "దళసరి ఆకు చెట్టు ఎండకు ఆగుతాది గదమ్మా, మా నాయన గూడా అంటాండె" అన్నాడు. తాత లెక్క, ఫార్కర్ లెక్క ఒకటని నేను అనను. తాత అన్ని పంటలకూ కలిపి అన్న మాట అది, కొలవని మాట. కానీ ఎవరైనా ముందే అడిగి ఉంటే వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో కాస్త తెలిసేది.

బొప్పాయి పిండినల్లి కథ కూడా చెప్పుకోవాలి. 2008లో కోయంబత్తూరు వైపు కనిపించిన ఆ పురుగు బొప్పాయితో ఆగక మల్బరీనీ పట్టింది, పట్టు రైతులు అల్లాడిపోయారు. 2010లో బెంగళూరు హెబ్బాళలోని జాతీయ కీటక సంస్థ అమెరికా వ్యవసాయ శాఖ ద్వారా ప్యూర్టోరికో నుంచి మూడు రకాల బుల్లి పరాన్నజీవి కందిరీగల్ని తెప్పించింది. వాటిలో అసిరోఫేగస్ పపాయే అనేది పిండినల్లిని అణిచేసింది. కీటకాల పేర్లు తేల్చేవాళ్లు, క్వారంటైన్ వాళ్లు, పట్టు పరిశ్రమ వాళ్లు, వ్యవసాయ విశ్వవిద్యాలయాల వాళ్లు అందరూ చెయ్యి వేశారు. అందరి ముందూ ఒకే ప్రశ్న ఉంది కాబట్టి ఆ పని నిలబడింది.

ఇంతగా కలవమంటున్నాను కదా అని, కలిస్తే చాలు అంతా మంచే అనుకోను. మైసూరు దగ్గర సోమనాథపురం కేశవాలయం శిల్పాల చేతుల్లో గింజలు పేర్చినట్టు ఒక కాయ ఉంటుంది. అది మొక్కజొన్న కంకేనని, అంటే కొలంబస్ కన్నా ముందే మొక్కజొన్న మన దేశానికి వచ్చిందని 1989లో అమెరికా భౌగోళిక శాస్త్రవేత్త కార్ల్ జొహనెసెన్, ఆయన సహ రచయిత్రి ఎకనమిక్ బోటనీ పత్రికలో రాశారు. వాళ్లు గింజల వరుసల్ని శ్రద్ధగానే పరిశీలించారు. 1993లో అదే పత్రికలో మన దేశపు మొక్కజొన్న శాస్త్రవేత్తలు పాయక్, సచాన్ జవాబిచ్చారు. అది మొక్కజొన్న కాదు, ముక్తాఫలం, ముత్యాలు పొదిగిన కాల్పనిక ఫలం అని. మొక్కజొన్న లోతుగా తెలిసినవాళ్లు శిల్ప సంప్రదాయాన్ని కూడా గౌరవంగా చదివారు కాబట్టి ఆ జవాబు గట్టిగా ఉంది. ఎవరి విద్యలో వాళ్లకు లోతు ఉండాలి. ఇప్పుడు కొన్నిచోట్ల పెడుతున్న, అన్నీ కాస్త కాస్త నేర్పే కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. కలుపు మొక్కను చూసి పేరు చెప్పలేని కలుపు నిపుణుడు ఎన్ని విభాగాలతో కలిసినా ఏం లాభం?

ఆ లోతు ఎవరికి ఎప్పుడు అక్కరకొస్తుందో కూడా చెప్పలేం. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1888 నుంచి ఒక పొలాన్ని అట్లాగే కాపాడుకుంటూ వస్తున్నారు, శాన్‌బోర్న్ ఫీల్డ్ అంటారు. ఎరువుల సంగతి తెలుసుకోవడానికి పెట్టిన మడులవి. అక్కడి నుంచి ఒక నేల శాస్త్రవేత్త పంపిన మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ మందు వచ్చింది. లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో దాన్ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్, విశ్వవిద్యాలయం నుంచి రిటైరై డెబ్బై దాటిన వృక్ష శాస్త్రవేత్త. ఆ ప్రయోగశాలలో పరిశోధనకు పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు. గడ్డి పెరిగే మడికీ మనిషి జ్వరానికీ సంబంధం ఉందని ముందే చెప్పగలిగినవాళ్లు ఎవరున్నారు? ఏళ్ల తరబడి మడిని ఓపికగా ఉంచినవాళ్లుండాలి, మొక్కల మనిషిని మందుల ప్రయోగశాలలోకి రానిచ్చే సుబ్బారావు లాంటివాళ్లుండాలి.

బెంగళూరులో మనకు ఈ రెండోదే తక్కువ. ఎంత దగ్గరగా ఉన్నామో చూడండి. 1964లో మొదలైన వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని జీకేవీకే ఆవరణలోనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్, హెబ్బాళలో కీటక సంస్థ, హెసరఘట్టలో ఉద్యాన పరిశోధన సంస్థ, మల్లేశ్వరం పక్కన ఐఐఎస్‌సీ, మైసూరు రోడ్డులో గణాంక సంస్థ ఐఎస్ఐ. జీన్లు చదివేవాళ్లూ గణితం చదివేవాళ్లూ పురుగులు చదివేవాళ్లూ ఒకే ఊళ్లో. హెబ్బాళ ఫ్లైఓవర్ మీద అందరం ఒకే ట్రాఫిక్‌లో ఆగుతాం. ఒకరి మడి ఒకరు చూసింది లేదు.

ఎందుకు చూడమంటే, చూడటానికి మార్కులు లేవు. ప్రమోషన్ కాగితంలో మొదటి పేరు ఎవరిది, కరెస్పాండింగ్ ఆథర్ ఎవరు, పత్రికకు జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఇచ్చే నాస్ రేటింగ్ ఎంత అని అడుగుతారు. ఆరుగురు కలిసి రాసిన పత్రంలో నాలుగో పేరున్నవాడు మూడేళ్లు పొలంలో తిరిగినా అతని కాగితంలో మిగిలేది కొంచెమే. అందుకే తెలివైన యువకులు కలిసే పనికి రారు. వాళ్లను తప్పుపట్టలేను, వాళ్లకూ ఇంటి అప్పులున్నాయి. నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. ప్రతిపాదన రాయడానికి ముందు ఒక చిన్న మొత్తం ఇవ్వండి, ఒక పంటకాలం. ఆ కాలంలో పత్రం అడగొద్దు. నలుగురు వేర్వేరు విభాగాలవాళ్లు విత్తనం నుంచి కోత దాకా ఒకే చేలో కనీసం ఐదుసార్లు కలిసి నిలబడ్డారా, రైతు ఏమన్నాడో రాసుకున్నారా, చివరికి ఏ ప్రశ్న తేల్చారు అని మాత్రం అడగండి. ప్రశ్న ఏమీ తేలకపోతే అదీ రాయమనండి. ఆ తర్వాతే మూడేళ్ల ప్రాజెక్టుకు డబ్బు. ఒక పంటకాలం ఆలస్యమైతే ఏమవుతుందని అంటారేమో. మా టమాటా యాప్‌కు మూడేళ్లు పోయాయి.

డబ్బు కోసం ఆగకుండా ఈసారి మేమే చేసి చూస్తున్నాం. నరసరావుపేట తమ్ముడు ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు, అయినా వస్తానన్నాడు. గణాంకాలు చెప్పే స్నేహితురాలొకరు మైసూరు రోడ్డు వైపు నుంచి వస్తుంది. రోహిణి కార్తెలోనే మా వైపు రెండు వానలు పడ్డాయి. వయ్యారిభామ మొలిచి ఉంటుంది, ఇంకా పూతకు వచ్చి ఉండదు. మేం అనుకున్నది, పూతకు ముందే ఫోను ఫొటోలతో గట్ల మీద దాన్ని లెక్కపెట్టి, చేలో తెగులు ఎక్కడ మొదలవుతుందో ముందే చెప్పగలమా అని. ఎన్ని గట్లు, ఎంత దూరానికొకటి చూడాలో ఆమె లెక్కవేసింది. ఫోనులో చెబితే నాయన అంతా విన్నాడు.

"మన గట్టు మనం పీక్కుంటాం లేమ్మా. బండిదారి గట్టు ఎవరు పీకాల? చెరువు కట్టది ఎవరు పీకాల? అది చెప్పేవాళ్లు ఎవరన్నా వస్తాండారా?"

మా ముగ్గురిలో ఆ జవాబు ఎవరి దగ్గరా లేదు. పోయినేడు మాడిన సాళ్లు ఆ బండిదారి పక్కవేనట. ఊరి ఉమ్మడి నేలల మీద, పంచాయతీల మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని తెలిసినవాళ్లందరినీ అడుగుతున్నాను, ఇది చదివేవాళ్లనూ అడుగుతున్నాను. శనివారం తెల్లవారుజామున ఐదింటికి యలహంకలో బస్సెక్కుతాం, ఆదివారం రాత్రికి తిరిగొస్తాం. పడుకోవడానికి మా మిద్దె ఉంది.